కొండకు అందని కబురు

ఓబులేసయ్యగారిని ఎవరేం అడిగినా జవాబు చెప్పరు, పని చెబుతారు. చిలకలేరు ఆనకట్ట కంట్రోల్ రూములో ఇది గోడలక్కూడా తెలిసిన సంగతి. నెట్టు ఇంత నిదానంగా ఎందుకుందయ్యా అని వెనకటికొక ఇంజినీరు అడిగితే, ఆయన ఒక చిక్కుపడిన తాడు చేతికిచ్చి విప్పమన్నారట. అతను విప్పుతూ కూర్చున్నాడు. విప్పడం అయ్యేసరికి గడ్డం మోకాళ్ళకు దిగింది, వచ్చిన పెళ్ళి సంబంధాలన్నీ తమ్ముళ్ళకు మళ్ళాయి. ఆ తరువాత అతను ఆయన్ని మాత్రం ఏమీ అడగలేదు. ఓబులేసయ్యగారు ఎప్పుడో రిటైరయ్యారు, కానీ ఆయన దగ్గు వినిపించనిదే సర్వర్లు లేవవని నమ్మిన ప్రభుత్వం బతిమాలి వెనక్కి తెచ్చుకుంది. అక్కడ ఆయన్ని అందరూ అయ్యవారనే పిలిచేవాళ్ళు.

ఎస్తేరు ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న శిష్యురాలు. పాము కనబడితే తోక పట్టుకుని అవతల పారేసే రకం. అలాంటి మనిషికి కూడా ఒక్క మాటంటే భయం. ఆ మాట ‘అందింది’.

ఆనకట్ట గేట్లు ఎత్తే ముందు కంట్రోల్ రూములోని సర్వరు ఎదురుగా ఉన్న కొండ మీది పెట్టెకు కబురు పంపాలి. ఆ పెట్టె పేరే ‘కొండ’. అది కూస్తే ఏటి పొడుగునా ఉన్న సైరన్లన్నీ కూస్తాయి. ఆ కూత ఎలాంటిదంటే, ఏడూళ్ళ అవతల ఉయ్యాల్లో ఉన్న పసిబిడ్డ కూడా లేచి చెప్పులు వెతుక్కుంటుందని చెప్పుకుంటారు. వేసవిలో చిలకలేటిలో నీళ్ళుండవు. ఇసకలో పుచ్చతోటలు పెట్టుకుని, తాటాకు గుడిసెలు వేసుకుని, కాపురాలకు కాపురాలే ఏటి నడుమ ఉంటాయి. ఎస్తేరు అక్క రూతమ్మ ఆ ఏడాది చంటిపిల్లతో సహా అక్కడే ఉంది. ఏటి నడుమ ఫోన్ సిగ్నల్ ఉండదు. అక్కడివాళ్ళకు సైరనే తల్లీ తండ్రీ. సర్వరు కబురు పంపాక తెర మీద పచ్చటి అక్షరాలతో ‘అందింది’ అని పడుతుంది. ఎవరికి అందింది? నిజంగా అందిందా? పచ్చటి అక్షరాలు చూసినప్పుడల్లా ఎస్తేరుకు అరికాళ్ళు చల్లబడేవి.

ఆ రోజు పొద్దున్నే ఆమె ధైర్యం చేసి అడిగింది. “అయ్యవారూ, యంత్రం అబద్ధం చెప్తుందా?”

సీనియరు జిలానీ పక్కనే ఉన్నాడు. పకపకా నవ్వాడు. “ఏం మేడమ్, దానికేమన్నా అప్పులున్నాయా, అబద్ధాలాడేదానికి!”

అయ్యవారు కళ్ళజోడు తుడుచుకుంటూ ఎప్పటిలాగే జవాబు మాని పని చెప్పారు. “ఆ కిటికీ తెరువమ్మాయీ.”

ఆ గది చలి సామాన్యమైనది కాదు. దారి తప్పి లోపలికొచ్చిన దోమ శాలువా అడిగి మరీ కుట్టేది. అంత చలిని బయటికి వదిలేస్తారా అని జిలానీ గునిశాడు. అయినా ఆమె కిటికీ తెరిచింది. అగ్గిలాంటి గాలి లోపలికొచ్చింది, దానితోపాటు కాకి అరుపు, కొండ మీద మేకల మెడగంటలు. ఇందులో తన ప్రశ్నకు జవాబెక్కడుందో ఎస్తేరుకు అంతుపట్టలేదు.

మధ్యాహ్నం భోజనాలవేళ ఫోను మోగింది. ఎగువన అకాల వర్షం. ఆకాశానికి అడుగున బొక్కపడినట్టు కురిసిందట, పై ఆనకట్ట నిండి పొర్లుతోందట. ఆ నీళ్ళు పొద్దు కొండకు వాలే వేళకు ఇక్కడికి వచ్చేస్తాయి. అంతలోపల గేట్లు ఎత్తకపోతే ఆనకట్టకే ముప్పు. ఆనకట్టను చూసుకునే ఇంజినీరు ఏఈగారు లేచి నిలబడి అరిచారు. ఆయన మామూలుగా మాట్లాడినా సున్నం రాలుతుంది, ఇక అరిస్తే చెప్పేదేముంది. “సైరన్ కొట్టండి! కొట్టి, ఏరు ఖాళీ అయినాక గేట్లెత్తండి!”

ఎస్తేరు కబురు పంపింది. తెర మీద పచ్చగా పడింది: అందింది. అదే క్షణాన గది మూలనున్న ఇనప బీరువాలోంచి టిక్‌మని ఒక చప్పుడు.

“బల్లి పలికింది. సత్యమంట, పో,” అన్నాడు జిలానీ.

ఎస్తేరు ఆదివారం తప్పకుండా చర్చికి పోయే పిల్లే. కానీ బల్లి దగ్గర మతం ఎవరు చూస్తారు? వేలితో బల్ల మీద తట్టి “సత్యం, సత్యం” అనుకుంది. అనుకుని కిటికీ వైపు చెవి పెట్టింది.

కాకి అరిచింది. మేకల మెడగంటలు మోగాయి. కొండ మాత్రం నోరు తెరవలేదు.

మళ్ళీ పంపింది. అందింది. టిక్. మళ్ళీ అదే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంత బరువైనదంటే దాన్ని ఎత్తాలంటే ఆనకట్ట గేట్లెత్తే మోటార్లు కావాలి. ఎస్తేరు కుర్చీ తిప్పింది. “జిలానీ భాయ్, కూయడంలేదు,” అన్నది.

జిలానీ నవ్వు ఎక్కడ జారిపోయిందో జారిపోయింది. కొండెక్కి చేత్తో మోగిద్దామంటే ఎక్కేసరికి పొద్దుగూకుతుంది. ఊళ్ళకు ఫోన్లు పోయాయి, కానీ ఏటి నడుమకు ఎవరు పరిగెత్తి చెప్పాలి, ఎంతమందికని చెప్పాలి?

ఇద్దరూ సర్వరు మీద పడ్డారు. సర్వర్లకు పేర్లతో పనిలేదు, వాటికి అంకెలే కావాలి. ‘కొండ’ అని మనిషి అంటే, ఆ పేరుకు తగిన అంకె ఏదో యంత్రం ఎక్కడైనా అడిగి తెలుసుకోవాలి. జిల్లా కేంద్రంలో అలాంటి పేర్లన్నీ చెప్పే పెద్ద సర్వరు ఒకటుంది. ఎస్తేరు ఎన్ఎస్‌లుకప్ అనే ఆదేశంతో దాన్ని అడిగింది. కొండ ఎక్కడ? అది తడుముకోకుండా చెప్పింది. సరైన అంకె. గోడ మీది పటంలో ఉన్న అంకె, కొండ మీది పెట్టెకు అంటించిన అంకె.

“జవాబు కరెక్టే కదా! పేరు తప్పు కాదు. తప్పు తీగెలోనే ఉంది,” అన్నాడు జిలానీ.

కొండను పేరుపెట్టి పిలిచి చూసింది ఎస్తేరు. పలికింది! ఎవరు పలికారో, ఏ అంకె నుంచి పలికారో చూడలేదు. పలికారు కదా అన్న ఆశే ఆ నిమిషానికి చాలింది. తీగెలు పీకి మళ్ళీ పెట్టారు. పెట్టెలు ఆర్పి మళ్ళీ వెలిగించారు. జిల్లా సర్వరును మళ్ళీ అడిగారు, అది మళ్ళీ సరైన జవాబే చెప్పింది. పంపారు. అందింది. టిక్. బల్లి సత్యమంటూనే ఉంది, కొండ మూగగానే ఉంది. ఎస్తేరు గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే పక్కగదిలో ఏఈగారు ‘ఎవరది, తలుపు తట్టేది’ అని అడిగారని తరువాత చెప్పుకున్నారు.

అప్పటిదాకా కిటికీ దగ్గరే నిలబడ్డ అయ్యవారు ఇటు తిరిగారు. “అమ్మాయీ, సుంకన్న దగ్గరికి పో. సైరన్ చెవిన పడేదాకా గేటు ఎత్తొద్దని చెప్పు. మోటార్ల రొదలో వాడికి ఫోను వినపడదు.”

సుంకన్న గేట్లెత్తే మనిషి. మోటార్లను అప్పటికే వేడిచేస్తున్నాడు. ఎస్తేరు మాట పూర్తిగా వినకుండానే పరిగెత్తింది.

ఆనకట్ట మీద ఎడమ చివర గేటు గది ఉంది. ఆ పరుగు చూసినవాళ్ళు గాలి ఆమె వెనకబడి, ఆగమ్మా ఆగమ్మా అని బతిమాలిందని అంటారు. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. సిమెంటు పెనంలా కాలుతోంది. దారిలో చీపురుతో ఎదురొచ్చిన కాపలామనిషి “యాడికమ్మా అంత ఉరుకు?” అని కేకేసింది. “సుంకన్న దగ్గరికి!” అని ఎస్తేరు ఆగకుండా అరిచింది. ఆ మనిషి వెనకనుంచి ఇంకేదో చెప్పింది. వినడానికి ఎవరికి తీరిక?

పరుగులోనే కింద ఏరు కనబడింది. తెల్లటి ఇసక, పచ్చటి పుచ్చతీగెలు, అగ్గిపెట్టెల్లా గుడిసెలు. ఒక గుడిసె మీద నీలం చీర ఆరేసి ఉంది. అక్కకు నీలం చీర ఉంది. లోకంలో ఎంతమందికి లేదు? అయినా ఆమెకు అది అక్కదే అయింది, కాదు కాదు, ఆ ఏటిలోని చీరలన్నీ అక్కవే అయ్యాయి. “అక్కా!” అని అరిచింది. గాలి ఆ కేకను పుల్ల ఐసులా చప్పరించి పారేసింది.

గేటు గది చేరింది. తలుపుకు తాళం. తాళానికి తుప్పు. తుప్పుకు సాలెగూడు. లోపల ఎవరూ లేరు.

మోటార్ల రొద వినబడుతోంది, కానీ ఇక్కడినుంచి కాదు. ఆనకట్ట ఆ చివరనుంచి, కుడి వైపునుంచి. అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడం కాదు, నెత్తిన పిడుగు పడింది. ఉగాదికే గేటు గదిని కుడి చివరకు మార్చారు. మార్చిన రోజు కుర్చీలు మోసిన వాళ్ళలో తనూ ఉంది. సుంకన్న కొత్త చోటు ఇదీ అని ఆఫీసంతటికీ చెప్పింది కూడా తనే! అయినా కాళ్ళు పాత చోటికే తీసుకొచ్చాయి. ఒక్కర్ని అడిగిందా? చీపురుమనిషి అడగకపోయినా చెప్పబోయిందే, విన్నదా? తెలుసునన్న ధీమా ముందు నడిచింది, కాళ్ళు దాని వెంట పరిగెత్తాయి.

ఎస్తేరు వెనక్కి తిరిగింది. ఈసారి పరుగెత్తింది ఆమె కాదు, ఆమె భయం. పొద్దు కొండ వైపు జారుతోంది. అల్లంత దూరాన జలాశయం నిండుచూలాలిలా నిండి, గేట్ల అంచును నాకుతోంది. ఏ క్షణాన గేటు లేస్తుందో, ఏ క్షణాన ఆ తెల్లటి ఇసక నల్లటి నీళ్ళయిపోతుందో అని చూడలేక చూస్తూ, కంట్రోల్ రూము గుమ్మం దాకా వచ్చేసరికి, కుడి చివర ఒక మనిషి ఎర్ర తువ్వాలు ఊపుతూ కనబడ్డాడు. జిలానీ. సుంకన్నకూ మోటారు మీటకూ నడుమ రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడ్డాడు. ఈమె ఎడమకు మళ్ళడం కిటికీలోంచి చూసిన వెంటనే అయ్యవారు అతన్ని కుడికి తరిమారన్నమాట.

గేటు ఇంకా లేవలేదు. ఎస్తేరుకు ఒక్క ఊపిరి దొరికింది. ఆ ఊపిరితోపాటే ఒక ఆలోచన దొరికింది.

తెలుసనుకున్నదాన్ని ఎవరు అడుగుతారు?

లోపలికి వచ్చి కూర్చుంది. ప్రతి సర్వరుకూ ఒక కొంగుముడి ఉంటుంది. దాన్ని హోస్ట్స్ ఫైలంటారు. పేరు వినగానే సర్వరు ముందు తన కొంగుముడి విప్పి చూసుకుంటుంది. అందులో ఉంటే అదే వేదం, లేకపోతేనే ఊళ్ళోకి పోయి పెద్ద సర్వరును అడుగుతుంది. కానీ ఇందాకటినుంచి ఎస్తేరు వాడిన ఎన్ఎస్‌లుకప్ కొంగును తాకదు, తిన్నగా పెద్ద సర్వరు దగ్గరికే పోయి అడుగుతుంది. అది సరిగ్గా చెప్పడంలో వింతేముంది? సైరన్ ప్రోగ్రాం అక్కడికి పోనే పోలేదు!

ఈసారి గెటెంట్ అనే ఆదేశంతో అడిగింది. అది సైరన్ ప్రోగ్రాం ఎట్లా అడుగుతుందో అట్లాగే, ముందు కొంగు చూసుకుని మరీ అడుగుతుంది. కొండ ఎక్కడ?

వేరే అంకె వచ్చింది.

ఆ అంకె ఆమెకు తెలుసు. కొంగుముడి విప్పింది. ఉన్నది ఒక్కటే వరుస, తన చేత్తో తను కట్టినదే. కొత్తగా చేరినవాళ్ళకు సైరన్ పని నేర్పేటప్పుడు నిజం కొండను కూయిస్తే ఊళ్ళన్నీ రోకళ్ళు పట్టుకుని కొట్టడానికి వస్తాయి. అందుకని ఒక ఉత్తుత్తి పెట్టె ఉంచుకుంటారు. ఏ కబురు పంపినా అందిందంటుంది, ఒకసారి టిక్కుమంటుంది, అంతే. ఉగాది వెళ్ళాక జరిగిన అభ్యాసానికి ‘కొండ’ అనే పేరును ఆ పెట్టెకు ముడివేసింది ఎస్తేరే. అభ్యాసం అయింది, మిఠాయిలు పంచుకున్నారు, ముడి విప్పడం మరిచిపోయింది.

లేచి ఇనప బీరువా తలుపు లాగింది. బల్లి లేదు. పాత ఫైళ్ళ చాటున అరచేతిలో పట్టేంత పెట్టె, దాని నెత్తిన ఎర్రదీపం. మధ్యాహ్నంనుంచి సత్యం సత్యమన్నది అదే.

ఆ వరుస చెరిపేసింది. గెటెంట్‌తో మళ్ళీ అడిగింది. సరైన అంకె! కొండకు కబురు పంపింది. అందింది.

టిక్.

కొంగుముడి విప్పినా కబురు బీరువాకే పోతోంది! పక్కగదిలో ఏఈగారు ఫోనులో మొత్తుకుంటున్నారు. “ఇంక ఆపలేను సార్, నీళ్ళు అంచు దాటబోతున్నాయి, గేటెత్తక తప్పదు!” గుమ్మంలోకి వచ్చి ఆమె వీపు వైపు చూశారు. అరవలేదు. ఆయన అరవకపోవడం చూసి ఎస్తేరుకు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది.

వెనక్కి తిరిగింది. “అయ్యవారూ, చెరిపేసినాను కదా! ఇంకా పాతచోటికే యాల పోతాంది?”

ఓబులేసయ్యగారు ఆమె కాళ్ళ వైపు చూశారు. బొబ్బలెక్కి, దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. “నీ కాళ్ళు యాల పోయినాయి?” అన్నారు.

ఆమెకు చప్పున తట్టింది. సైరన్ ప్రోగ్రాం కొంగుముడి విప్పకముందే లేచింది, లేచినప్పుడు ఒక్కసారి అడిగి తెలుసుకుంది. అప్పటి జవాబునే గుప్పిట్లో పట్టుకుని ఇప్పటికీ అటే పరిగెత్తుతోంది. దాన్ని ఆపేసింది. మళ్ళీ మొదటినుంచి లేపింది. అది లేవడానికి పట్టిన సేపట్లో ఒక యుగం గడిచి, ఇంకో యుగం మొదలై, అందులో సగం గడిచింది. లేచింది. కబురు పంపింది.

అందింది.

బీరువాలో టిక్కు లేదు. కిటికీలో కాకి లేదు. మేకలు కూడా మెడ కదపలేదు.

అప్పుడు కొండ కూసింది.

ఏఈగారి కప్పులోని టీ జానెడు పైకి లేచి మళ్ళీ కప్పులోనే పడింది. ఆనకట్ట మీది పావురాలన్నీ పక్క జిల్లాకు వలసపోయాయి. కొండ వెంట ఒక్కొక్క సైరనూ అందుకుంది, ఏటి పొడుగునా ఆ కూత పాకిపోయింది. కిటికీలోంచి చూస్తే ఇసక మీద చీమల్లా మనుషులు కదిలారు. మేకలు, మూటలు, పిల్లలు, ముసలమ్మలు. మంచంపట్టి ఏళ్ళయిందన్న ఒక తాత అందరికంటే ముందు గట్టెక్కాడని చెప్పుకుంటారు. ఇసక మీద ఆఖరి మనిషి కూడా కనుమరుగయ్యేదాకా అయ్యవారు కిటికీ వదల్లేదు. తరువాత చెయ్యెత్తారు. జిలానీ తువ్వాలు దించాడు. సుంకన్న గేటెత్తాడు.

నీళ్ళు వచ్చాయి. పుచ్చతోటలు, గుడిసెలు, ఆ నీలం చీర, అన్నీ పోయాయి. పగిలిన కాయలతో ఏటి నీళ్ళ మీద ఎర్రగా తెట్టు కట్టింది. ఎస్తేరు ఆ ఎరుపు చూసి కళ్ళు మూసుకుంది. నెత్తురనుకుంది. అక్కకు ఫోను చేయబోయింది. అంతలో అదే మోగింది.

“ఏమే ఎస్తేరూ, మీ సైరన్ నోట్లో మన్నుబడ!” రూతమ్మ గొంతు సైరన్‌కు తీసిపోయేది కాదు. “కోసిన కాయలన్నీ ఆడనే ఇడిసిపెట్టి ఉరికినాను. సంకనేసుకున్నది పిల్లనో పుచ్చకాయనో కూడా సూసుకోలేదే. గట్టెక్కినాక సూసుకుంటే పిల్లే! దేవుని దయ!”

ఎస్తేరుకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ రెండింటికీ గొంతులో చోటు చాలక ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. అవి వారం దాకా తగ్గలేదంటారు.

మర్నాడు పొద్దున ఆమె అయ్యవారి ఎదుట తలవంచుకుని నిలబడింది. తప్పు తనదని ఏఈగారికి అప్పటికే చెప్పేసింది. నీళ్ళు అంచు దాటితే ఏమయ్యేదో రాత్రంతా ఆమె కళ్ళ ముందు కదులుతూనే ఉంది. “అయ్యవారూ, నేను నిన్న అడిగింది...” అని మొదలుపెట్టి, మిగతాది మింగేసింది.

ఓబులేసయ్యగారు బల్ల కిందినుంచి ఒక టిఫిన్ క్యారియరు తీసి ఆమె చేతికిచ్చారు. “ఇది సుంకన్నకు ఇచ్చిరా. నిన్న వాడు అన్నం తినలేదు.”

ఎస్తేరు క్యారియరు పట్టుకుని గుమ్మం దాకా పోయింది. కాళ్ళు కుడికి తిరిగాయి. తిరిగిన కాళ్ళను ఆపింది. గది ఎక్కడుందో ఇప్పుడు ఆమెకు బాగా తెలుసు. ఎంత బాగా తెలుసంటే, ఆ తెలియడాన్ని చూసి ఒళ్ళు జలదరించింది. వెనక్కి తిరిగి అడిగింది.

“అయ్యవారూ, సుంకన్న యాడున్నాడు?”

పుట్టినప్పటినుంచి ఏ ప్రశ్నకూ జవాబు చెప్పి ఎరగని ఆ మనిషి కళ్ళజోడు మీదుగా ఆమెను చూసి మొట్టమొదటిసారి నవ్వారు.

“నాకు తెలుసు. అందుకే నన్ను అడగొద్దు. ఇప్పుడే చూసినోళ్ళను అడుగు.”